సమ్మతి ఎవరిది? ఫోను ఎవరిది?

మా మండలంలో స్త్రీలకు తోడుగా నేను తరచూ ఆసుపత్రికి వెళ్తుంటాను. పాత చీటీలు పోయి, చేయించుకున్న పరీక్షలే మళ్ళీ చేయించుకుని అప్పులపాలైన వాళ్ళను చూశాను. అందుకే ఒక ఆసుపత్రి రికార్డు మరో ఆసుపత్రి కంప్యూటర్‌లో తెరుచుకోవాలనడం నాకు న్యాయంగానే తోచింది. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఉద్దేశం అదే. 14 అంకెల 'ఆభా' నంబరుతో రికార్డులు కలుస్తాయి. అవి తయారైన చోటే ఉంటాయి. ఏవి, ఎవరికి, ఎంతకాలం చూపాలో మనమే చెప్పవచ్చు, ఇచ్చిన అనుమతిని రద్దు చేయవచ్చు.

కానీ ఆ అనుమతి ఇచ్చేది ఫోనులో. ఆ ఫోను ఎవరిది? చాలా ఇళ్ళలో భర్తది, లేదా కొడుకుది. ఓటీపీ అతని చేతికి వస్తే సమ్మతీ అతనిదే అవుతుంది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలను చట్టం అనుమతించినవారికి తప్ప డాక్టరు ఎవరికీ చెప్పకూడదని 2021 చట్ట సవరణ అంటోంది. చెబితే ఏడాది దాకా జైలు. హెచ్ఐవి ఉన్నవారి గోప్యతకు 2017 చట్టం ఉంది. డాక్టరు నోరు కట్టిన చట్టాలు, భర్త ఫోనులో తెరుచుకునే రికార్డును ఆపగలవా?

రికార్డులు కలపవద్దని నేననను. ఫోను లేని స్త్రీని ఆసుపత్రిలోనే ఒంటరిగా అడిగి సమ్మతి తీసుకోవాలి. గర్భస్రావం, హెచ్ఐవి, ఇంట్లో తిన్న దెబ్బల రికార్డులను ఆమె విడిగా ఒప్పుకుంటే తప్ప కలపకూడదు. 'ఆభా' స్వచ్ఛందమని, అది లేకున్నా వైద్యం ఆగదని ప్రతి ఓపీ కౌంటరు దగ్గర తెలుగులో రాసిపెట్టాలి. ఈ మూడింటినీ మన సంఘాలు గట్టిగా అడగాలి.