నడుస్తున్నారుగా అంటే సరిపోదు

గాజువాక నుంచి ఒక సోదరి రాశారు: "మా వారికి 36 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం మల్టిపుల్ స్క్లీరోసిస్ అన్నారు. వికలాంగుల సర్టిఫికెట్టు కోసం వెళ్తే, బాగానే నడుస్తున్నారుగా అని పంపేశారు. ఆ సాయంత్రం ఆయన మంచం మీంచి లేవలేకపోయారు. మేము అబద్ధమాడామా డాక్టరుగారూ?"

లేదమ్మా. యీ జబ్బు తీరే అంత. మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీద మైలిన్ అనే పొర వుంటుంది. మనల్ని కాపాడవలసిన రక్షణశక్తే దాన్ని దెబ్బతీస్తుంది. తొడుగు వూడిన కరెంటు తీగలా నరం కబురు సరిగ్గా మోయలేదు. ఒళ్ళు వేడెక్కితే మరీ మందగిస్తుంది. పొద్దున్న చల్లటి గదిలో డాక్టరు ముందు నడిచిన మనిషే, మన విశాఖ ఉక్కలో మధ్యాహ్నం బస్సు దిగాక నాలుగడుగులు వేయలేకపోవచ్చు. చల్లబడితే చాలావరకు తేరుకుంటాడు. చూసేవాళ్ళకు నటనలాగే వుంటుంది!

యీ జబ్బులో అశక్తతను కొలవడానికి డాక్టర్లు వాడే కొలబద్దను అమెరికా నరాల వైద్యుడు జాన్ కర్ట్‌స్కీ 1955లో తయారుచేసి, 1983లో విస్తరించారు. 0 నుంచి 10 దాకా వుంటుంది. 4 అంటే సాయం లేకుండా, ఆగకుండా 500 మీటర్లు నడవగలరు. 6 అంటే 100 మీటర్లకు చేతికర్ర కావాలి. 7 అంటే చక్రాల కుర్చీ. (6 వచ్చింది గనక 60 శాతం అనుకోకండి, ఆ లెక్క వేరు.) చూశారుగా, అంతా కాళ్ళ లెక్కే! అలసట, మతిమరుపు, చొక్కా బొత్తాం పెట్టుకోలేని వేళ్ళు అందులో సరిగా తూగవు. నేనూ చాలాకాలం గుమ్మం నుంచి కుర్చీదాకా నడక చూసే అంచనా వేసినవాణ్ణే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో యీ జబ్బు పేరుంది. 40 శాతం, ఆపైన వుంటేనే ఉద్యోగాల రిజర్వేషన్ వంటివి వర్తిస్తాయి. కాబట్టి మళ్ళీ వెళ్ళండి. జబ్బు కొత్తగా తిరగబెట్టిన రోజుల్లో మాత్రం వద్దు, అది కుదుటపడ్డాక వెళ్ళండి. అంతవరకు ఒక నోటుబుక్కు పెట్టండి. ఎంత దూరం నడిచి ఆగిపోయారు, ఎన్నిసార్లు పడ్డారు, మూత్రం ఆపుకోలేక బట్టలు ఎన్నిసార్లు తడిశాయి, తేదీలతో రాయండి. ఎమ్మారై ఫిల్ములు, కంటి డాక్టరు కాగితాలు, చికిత్స చేస్తున్న న్యూరాలజిస్టు రాసిచ్చిన రిపోర్టు పట్టుకెళ్ళండి. గదిలో నాలుగడుగులు కాక, వరండా చివరిదాకా నడిపించి చూడమనండి. మగవాళ్ళు మొహమాటానికి "బాగానే వున్నానండీ" అనేస్తారు. మీరు పక్కనుండి ఉన్నది చెప్పండి.

అప్పటికీ కాదంటే, ఆ నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు అదే చట్టంలో వుంది.