లెక్కకు రాని జ్వరాలు

ప్రకాశం బ్యారేజీ దగ్గర మళ్లిన కృష్ణా నీరు విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలుగా చీలి డెల్టాకు చేరుతుంది. ఆ నీటితోనే పొలాలు పండుతాయి, చేపల చెరువులూ ఊళ్లలోని మంచినీటి చెరువులూ నిండుతాయి. దారిలో నగరపు మురుగూ అందులో కలుస్తుంది. ఆస్పత్రి వేరు, చెరువు వేరు, వంటిల్లు వేరు అని మనం అనుకుంటాం. బ్యాక్టీరియాకు ఆ తేడా తెలియదు.

యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు నేరుగా కారణమైందని 2022లో లాన్సెట్ పత్రిక అంచనాను ప్రచురించింది. మన దేశం సంగతీ ఆందోళనకరమే. మామూలు మందులు పనిచేయనప్పుడు ఆస్పత్రిలో నరానికి ఎక్కించే మందు ఇమిపెనెమ్. న్యుమోనియా వంటి జబ్బులు తెచ్చే క్లెబ్సియెల్లా నమూనాల్లో ఆ మందుకు లొంగినవి 2017లో 58.5 శాతం ఉంటే, 2023 నాటికి 35.6 శాతానికి పడిపోయాయని ఐసీఎంఆర్ నివేదిక చెబుతోంది.

ఐసీఎంఆర్ 2013 నుంచి ఈ నిఘా నడుపుతోంది. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికి మరో నెట్‌వర్క్ ఉంది. రెండింటికీ సమాచారం ప్రధానంగా వైద్య కళాశాలలు, పెద్దాస్పత్రుల ల్యాబ్‌ల నుంచే వస్తుంది. అక్కడికి చేరే రోగి అప్పటికే రెండు మూడు రకాల మందులు వాడి ఉంటాడు. అందుచేత ఆ అంకెలు తీవ్రమైన కేసుల వైపు మొగ్గుతాయి. అవనిగడ్డలోనో కైకలూరులోనో మూడు రోజుల జ్వరంతో పడుకున్న కూలీ మనిషికి ఏ మందు పనిచేస్తుందో అవి చెప్పవు. ఊళ్లో వైద్యం చేసే వ్యక్తి అంచనా మీదే మందు ఇస్తాడు.

చెరువుల మాటకొస్తే, మన రొయ్యల సరుకులో సగాన్ని పరీక్షించాలని యూరోపియన్ యూనియన్ 2016లో నిర్ణయించింది. మనుషులకు ఆఖరి అస్త్రమైన కొలిస్టిన్‌ను పశువులు, కోళ్లు, చేపల పెంపకంలో వాడరాదని కేంద్రం 2019 జూలైలో నిషేధించింది. మంచి నిర్ణయాలే. అయితే పరదేశపు పళ్లెం కోసం చేసేంత శ్రద్ధగా మన కాలువ నీటినీ, మన సంతలోని చేపనూ పరీక్షించాలి కదా!

అందుకే మేము కోరుతున్నాము: ఏరియా ఆస్పత్రుల దాకా కల్చర్ పరీక్ష రావాలి. వైద్య, పశుసంవర్ధక, మత్స్య, పురపాలక శాఖలు ఒకేచోట కూర్చుని లెక్కలు చూడాలి. జిల్లాలవారీ ఫలితాలు ఏటా తెలుగులో వెలువడాలి. ల్యాబ్ ఉన్న మిషన్ ఆస్పత్రులు తమ లెక్కలనూ అందించాలి.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మనల్ని మనం పరీక్షించుకుందాం. కొన్ని శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లు అమ్మితే రిజిస్టరులో రాయాలని 2014 నుంచి నిబంధన ఉంది. అయినా షాపుకెళ్లి “కాస్త పవరున్న బిళ్ల ఇవ్వండి” అని అడిగేది మనమే. మిగిలిన బిళ్లలు దాచి పక్కింటి పిల్లవాడికి ఇచ్చేదీ మనమే.

ప్రతి సంఘంలోనూ ఒక నర్సో, ల్యాబ్ టెక్నీషియనో ఉంటారు. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక వారికి పది నిమిషాలు ఇవ్వండి. రోగుల కోసం ప్రార్థించే మనం, రేపటి రోగికి మందు పనిచేసేలా కాపాడడం కూడా మన బాధ్యతే.