చేతులకు సెలవిచ్చే టెలిఫోను

పిల్లలూ! కదిరిలో ఒక ఆఫీసు ఉందనుకోండి. తలుపుల నుంచి ఒక రైతు వేరుశనగ విత్తనాల కోసం ఫోను చేశాడు. గుమాస్తా రిసీవరును మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని రాసుకుంటున్నాడు. మెడ నొప్పి సరే, రిసీవరు జారి ఒక పేరుకు మరో పేరు రాసుకుంటే నష్టం ఎవరికి?

తలకు తగిలించుకునే వైర్‌లెస్ హెడ్‌సెట్ ఉంటే చేతులు రెండూ ఖాళీ. కాని బల్లమీది మామూలు ఫోనుకు రేడియో తరంగాల భాష తెలియదు. మధ్య ఒక దుబాసీ కావాలి. అదే అడాప్టరు.

రిసీవరు తాడులో నాలుగు తీగలుంటాయి: మాటకు రెండు, వినికిడికి రెండు. అడాప్టరును ఆ తాడుకూ ఫోనుకూ మధ్య తగిలిస్తారు. అది ఫోను నుంచి వచ్చే విద్యుత్తును తరంగాలుగా మార్చి చెవికి పంపుతుంది; మన మాటను తిరిగి విద్యుత్తుగా మార్చి ఫోనుకు అందిస్తుంది. ఇలాంటి తరంగాల పద్ధతుల్లో ఒకటి బ్లూటూత్. వెయ్యేళ్ళనాటి డెన్మార్కు రాజు హెరాల్డ్ మారుపేరు అది!

కాని రిసీవరు ఎత్తితేగాని ఫోను పలకదు గదా! గుమాస్తా బీరువా దగ్గర ఉంటే ఎలా? అందుకు లిఫ్టరు అనే మర చెయ్యి ఉంది. హెడ్‌సెట్ మీట నొక్కగానే అది రిసీవరును పైకెత్తుతుంది. కొన్ని ఫోన్లలో ఆ పని విద్యుత్ సంకేతమే చేస్తుంది.

ఒక్క జాగ్రత్త. నాలుగు తీగల వరస అన్ని ఫోన్లలో ఒకటి కాదు. వరస కుదరకపోతే పాపం, రైతుకు మన మాటే వినిపించదు. కొనేముందు మీ ఫోనుకు సరిపోతుందో లేదో అడగమని నాన్నగారితో చెప్పండి!