ఊరికే వచ్చే చదువా?

మొన్న మా ఆడపడుచు ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. భోజనాల దగ్గర గవర్నమెంటు బళ్ళ మాటొచ్చింది. "ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది వదినా? ఫీజు కడితేనే టీచర్లు చెప్తారు, పిల్లలు చదువుతారు" అంది. అందరూ తలూపారు. నోట్లో పులిహోర ఉండి అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

నేను పదో తరగతి దాకా చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో. మా నాన్న ఫీజు కట్టలేదని మా లెక్కల మాస్టారేమీ చదువు తగ్గించి చెప్పలేదు. లెక్క రాకపోతే చివరి బెల్లు కొట్టాక కూడా ఇంటికి పంపేవారు కాదు. అయినా ఊరికే ఎక్కడొస్తోంది? సబ్బు కొన్నా పన్ను కడుతున్నాం. మా ఇంట్లో పనికొచ్చే అమ్మాయీ కడుతోంది.

లోపాలు లేవనను. మా వీధి చివరి బళ్ళో ఐదు తరగతులకి ఇద్దరే టీచర్లు. ఎలక్షన్లొస్తే వాళ్ళూ ఆ డ్యూటీకి పోతారు. మోటారు పాడైతే బాత్రూముల్లో నీళ్ళుండవు, ఆడపిల్లలు సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగడం మానేస్తారు. ఇది ఫీజు లేకపోవడం వల్ల వచ్చిన తిప్పలా? అడిగే నోరున్న మనం పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోవడం వల్ల వచ్చింది.

మనం అని ఎందుకన్నానంటే, మా ఇద్దర్నీ ప్రైవేటులోనే వేశాం. ఇంట్లో నా మాట నెగ్గలేదని చెప్పుకుంటాను గానీ, నేనూ గట్టిగా పట్టుపట్టలేదు.

ఆంధ్రాలో 2020లో మొదలైన అమ్మ ఒడి 15,000 రూపాయలు ప్రైవేటు బడి పిల్లల తల్లులకీ ఇచ్చారు. తల్లి చేతికి డబ్బు రావడం నాకిష్టమే, అది వేరే సంగతి. కానీ సర్కారు సొమ్ము అలా తిరిగి తిరిగి ప్రైవేటు ఫీజు కౌంటర్‌కి చేరితే, వీధి చివరి బడికి మూడో టీచరు ఎక్కణ్ణుంచి వస్తారు?

2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి. మా పనమ్మాయి ఆ కమిటీలో ఉంది. మీటింగు రోజు రెండిళ్ళ పని మానుకుని వెళ్తుంది, చూపించిన చోట సంతకం పెట్టి వస్తుంది.

పోయిన వారం గిన్నెలు తోముతూ అడిగింది. "అమ్మగారూ, ఈసారి మీటింగుకి మీరూ రండి. మోటారు సంగతి మీరైతే గట్టిగా అడుగుతారు."

"నా పిల్లలు అక్కడ చదవట్లేదు కదమ్మా" అన్నాను.

"అవును కదా" అని కుళాయి తిప్పింది.