పాత కుటుంబపు కార్లు కొనదగునా?

మన వన్ టౌన్ వీథులు కార్లకొఱకు వేసినవి కావు. కురుపాం మార్కెట్టు దాటి లోపలికి వచ్చిన పిదప, ఎదురుగా నొక ఆటో వచ్చెనేని రెండింటిలో నొకటి వెనుకకు పోవలసినదే. ఇట్టి వీథిలోనికి గడచిన జూలై నెలనుండి యొక తెల్లని అంబాసిడరు కారు ఉదయ సాయంకాలములు వచ్చి మన పాఠశాల గేటునొద్ద నిలుచుచున్నది. దాని యజమాని తాతలనాటి సొత్తును దాచుకొన్న వృద్ధుడు కాడు. నలుబది యేండ్లు నిండని వాడు, ఇద్దఱు బిడ్డల తండ్రి. క్రొత్తకారు కొనగల స్థితి యుండియు దీనినే వెదకి కొనెను. బిడ్డలు దాని చుట్టును మూగుచున్నారు. తలిదండ్రులలో కొందఱు నవ్విరి. కొందఱు, ఎక్కడ దొరకినదని మెల్లగా నడిగిరి. అడిగినవారిలో నిద్దఱు మా యభిప్రాయము గోరినందున దీనిని వ్రాయుచున్నాము.

ఈ మోజు మన యూరనే పుట్టినది కాదు. స్వీడను దేశమునందలి వోల్వో కంపెనీవారు 1974 మొదలు 1993 వఱకు 240 అను పేర నొక కారును చేసిరి. ఇనుపపెట్టెవలె మూలలు తేలిన యాకారము. అందమునకై దానిని మెచ్చినవారు తక్కువ. అయినను 28 లక్షలకు పైగా తయారైనవి. ఇంటిల్లిపాదియు సామానుతో నెక్కవచ్చును, యంత్రము సులభమైనది, చెడినచో విప్పి చూడవచ్చును. నేడు దానిని వెదకి కొనువారిలో, అది తయారగుట మానిన తరువాత పుట్టినవారును గలరు. అదే కంపెనీవారి 1966 నాటి చిన్నకారు నొకదానిని అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అను సైన్సు ఉపాధ్యాయుడు కొని, 2013 నాటికి 30 లక్షల మైళ్లు నడపెను. ఉపాధ్యాయుల జీతమునకు తగిన పొదుపే యిది! మన పిల్లలకు మాత్రము వోల్వో యనిన హైదరాబాదు పోవు రాత్రిబస్సు.

మన అంబాసిడరు మూలము ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు. హిందుస్థాన్ మోటార్సువారు బెంగాలులోని ఉత్తరపారాయందు 1950ల చివర దీనిని చేయ మొదలిడి, 2014 మే నెలలో నిలిపివేసిరి. 2017లో ఆ పేరును సయితము ఫ్రాన్సునందలి పూజో కంపెనీకి 80 కోట్ల రూపాయలకు అమ్మిరి. వెనుకసీటున తాతగారు, నాయనమ్మ, మనుమలు, ఊరగాయ జాడీ కూడ ఇముడుట యెఱిగినవారే యెఱుగుదురు. బానెట్టు ఎత్తినచో లోపల చేయి పట్టును. ఏ పల్లెలోనైనను ఒక మెకానిక్కు దాని స్వరము విని వ్యాధి చెప్పగలిగెడివాడు. క్రొత్తకార్లలో చిన్న దీపము వెలిగినను కంప్యూటరు తగిలించి చూడవలసివచ్చుచున్నది. తన వస్తువును తాను బాగుచేసికొనగలుగుట యను తృప్తి విలువలేనిది కాదు. ఇంతవఱకు ఆ యువకుని పక్షమే మాది.

అయితే మన యూరికి సముద్ర మొకటి యున్నది. చలిదేశములలో మంచు కరుగుటకై రోడ్లమీద ఉప్పు చల్లుదురు. దానిచే కార్లు త్రుప్పుపట్టును. మనకు ఆ శ్రమ లేదు. డాల్ఫిన్స్ నోస్ దిక్కునుండి వచ్చు గాలియే రాత్రింబగళ్లు ఉప్పు తెచ్చి పెట్టుచున్నది. మేమును ఒకప్పు డిట్టి పాతకారు కొంటిమి. రంగు అద్దమువలె మెఱయుచుండెను. అమ్మినవాని తియ్యని మాటలు విని, కాళ్లక్రింది చాపనైన ఎత్తి చూడమైతిమి. మొదటి వానకే మోకాళ్లవఱకు తడిసితిమి! అడుగురేకు జల్లెడయై యుండెను. అంబాసిడరునకు లారీకివలె వేఱుగా ఛాసిస్సు లేదు. అడుగురేకు, ప్రక్కల దూలములు, పైకప్పు కలిసియే దాని బలము. కావున అడుగు త్రుప్పుపట్టిన బండి, పునాది కుళ్లిన యిల్లు ఒక్కటే.

ఇక ముఖ్యవిషయము. పాతకార్లను మెచ్చువారందఱు, “ఆనాటి ఇనుము గట్టి యినుము, బిడ్డలకు క్షేమము” అని చెప్పుదురు. ఈ మాటతో మేము ఏకీభవింపము. ఢీకొన్నపుడు బండి ముందుభాగము నలిగి దెబ్బను తాను మ్రింగవలెను. నలుగని బండి ఆ దెబ్బను లోపలివారికి అప్పగించును. స్వీడనువారి కార్లకు పేరు వచ్చినది ఇనుము మందముచేత కాదు. వోల్వోలో పనిచేసిన నిల్స్ బోలిన్ అను ఇంజనీరు 1959లో భుజముమీదుగాను నడుముమీదుగాను మూడుచోట్ల బిగియు బెల్టును కల్పించెను. దాని పేటెంటును కంపెనీవారు తమకే దాచుకొనక, ఇతరులు ఉచితముగ వాడుకొన నిచ్చిరి. మన దేశమున ముందుసీట్లకు బెల్టులు తప్పనిసరి యైనది 1994లో మాత్రమే. అంతకుముందు తయారైన అంబాసిడర్లలో అనేకమునకు బెల్టులే లేవు. వెనుకసీటున బిడ్డలు నిలుచుండి చేతులూపుట చూచుటకు ముచ్చటయే, కాని మాకు గుండె దడదడలాడును.

ఖర్చునుగూర్చి రెండుమాటలు. పదునైదేండ్లు దాటిన కారు రిజిస్ట్రేషను మరల చేయించుకొనవలెను. 2022 ఏప్రిలులో ఆ రుసుమును 600 రూపాయలనుండి 5,000కు పెంచిరి. నేటి పెట్రోలులో నూటికి ఇరువదివంతుల వఱకు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను, కార్బురేటరు సీళ్లను మెత్తబఱచి పగిలించును. వానిని ముందే మార్చుకొనుట మేలు.

కావున మేము చెప్పునది: కొనదలచినవారు కొనుడు. కాని చాప ఎత్తి, బండిక్రింద పండుకొని, స్క్రూడ్రైవరుతో దూలములను పొడిచి చూచి కొనుడు. ముందువెనుక సీట్లకు బెల్టులు గట్టిచోట బిగింపించుడు. అంతవఱకు బిడ్డల నెక్కించుకొని విజయనగరము హైవే మీదికి పోవలదు.

ఈ మాటలే గేటునొద్ద ఆ తెల్లకారు యజమానితో చెప్పితిమి. ఆయన కొంత నొచ్చుకొని, మఱునాడు కారు తేలేదు. మూడవనాడు బిడ్డలు ఆటోలో వచ్చిరి. కారేదని యడుగగా, షెడ్డులో అడుగురేకు విప్పుచున్నారని పెద్దపిల్ల చెప్పెను.