అడగని పేరు

ఆన్‌లైన్ ఆటలలో ఏర్పడే స్నేహాలు నీటిమీది రాతలని పెద్దలు తరచుగా అంటూ ఉంటారు. ముఖమెరుగని వారితో మైత్రి ఏమిటని వారి ప్రశ్న. తరగతి గదిలో నేను కూడ విద్యార్థులకు ఇట్టి హితవులే చెబుతుంటాను. కాని చెప్పిన ప్రతిసారీ నా మనస్సు నన్ను నిలదీస్తుంది.

2018లో పబ్జీ మొబైల్ ఆట వచ్చింది. నూరుగురు ఆటగాళ్లు విమానం నుండి ఒక దీవిలోకి దూకి, చివరివరకు నిలిచేందుకు పోరాడటం ఆ ఆట స్వరూపం. నలుగురు ఒక జట్టు. దెబ్బతిని నేలకొరిగిన సహచరుని పక్కన 10 సెకన్లు కూర్చుని అతనిని లేవనెత్తవచ్చు. ఆ 10 సెకన్లూ మన ప్రాణం శత్రువు గురికి అందుతూ ఉంటుంది. ఎవరు మనకోసం ఆగుతారో, ఎవరు విడిచి పరుగెత్తుతారో అక్కడ తేటతెల్లమవుతుంది. మనిషి స్వభావాన్ని తెలుసుకొనడానికి ఇంతకన్న ఏమి కావాలి?

మా జట్టులో ఒకడు శ్రీకాకుళం వైపువాడు. ఎప్పుడూ ఆగేవాడు అతడే. నన్ను మాస్టారని పిలిచేవాడు. 2020 లాక్‌డౌన్ రోజులలో వచ్చిన రంజాన్ మాసంలో ఆట రసవత్తరంగా సాగుతున్నా సరే, "మాస్టారూ, సహరీ టైమైపోతంది, ఇక లెగండి" అని హెచ్చరించేవాడు. ఆ వేళలను అతడు ఎవరినడిగి తెలుసుకున్నాడో నాకు తెలియదు.

తరువాత నాన్నగారి అనారోగ్యం, ఇంట్లో పసిబిడ్డ, ఆన్‌లైన్ పాఠాలు నన్ను చుట్టుముట్టాయి. రాత్రివేళ అతని ఆహ్వానం తెరపై వెలిగేది. "రేపు" అనేవాడిని. సెప్టెంబరు 2న ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో ఆ ఆట కూడ ఉంది. అక్టోబరు 30న దేశంలో దాని సేవలు పూర్తిగా నిలిచిపోయాయి. నా "రేపు" రానే లేదు. 2021లో ఆ ఆట బీజీఎంఐ అను పేరుతో తిరిగి వచ్చినప్పుడు తెరిచి చూశాను. మిత్రుల జాబితాలో అతడు లేడు. వెదకుదామంటే నాకు తెలిసినది అతని మారుపేరు ఒక్కటే.

నిషేధాన్ని నిందించడం సులభం. కాని అంతకాలం కలిసి ఆడి, "తమ్ముడూ, నీ పేరేమిటి? మీదే ఊరు?" అని అడగకపోవడం నా లోపమే. సంసార బాధ్యతలు ఆటకు సమయం లేకుండా చేయవచ్చు. ఒక్కమాట చెప్పి సెలవు తీసుకొనడానికి అవి అడ్డురావు.

విద్యార్థి మిత్రులారా! చదువు మాని ఆడుకొమ్మని నేననను. డబ్బు పణంగా పెట్టే ఆటల జోలికి అసలే పోవద్దు. వాటిని నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టమే చేసింది. కాని మీతో ఆడేవాడు మనిషేనని మరువకండి. అతని పేరడిగి తెలుసుకోండి. రేపు ఉద్యోగమో, కుటుంబమో మిమ్మల్ని పిలిచినప్పుడు చెప్పి వెళ్లండి. అందుకు 10 సెకన్లు చాలు.

నేటికీ రంజాన్‌లో సహరీకి లేచినప్పుడు ఆ గొంతు గుర్తుకు వస్తుంది. పేరు పెట్టి పిలుద్దామంటే పేరు లేదు.