చెదిరిన చిత్తం, కరిగిన తీరం

ఏకాగ్రత కుదరడం లేదని వాపోని మనిషి ఈ మధ్య నాకు ఎదురుపడలేదు. ఎంపీలు, అధికారులు, తోటి పాత్రికేయులు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, అందరిదీ అదే మాట. నేనూ అందుకు అతీతుణ్ని కాను. ఒకప్పుడు పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికను రైల్లో కూర్చుని ఏకబిగిన చదివేవాణ్ని. ఇప్పుడు పదో పేజీ దాటకముందే చేయి ఫోను కోసం తడుముకుంటోంది. 'పుదుచ్చేరి వెళ్లి నాలుగు రోజులు ఉండి రా, మనసు కుదుటపడుతుంది' అని ఒక మిత్రుడు సలహా ఇస్తే వెళ్లాను. ఆ సలహా మీద నాకు కలిగిన కోపమే ఈ వ్యాసం.

చిత్తం చెదరడాన్ని వ్యక్తిగత బలహీనతగా చూపించడం ఈ కాలపు పెద్ద మోసం. ఫోను పక్కన పెట్టు, తెల్లవారుజామున లే, కళ్లు మూసుకుని శ్వాసను గమనించు అంటారు. మన దృష్టిని ముక్కలు చేసి అమ్ముకునే కంపెనీలను, గంటకో వివాదం విసిరే పార్టీలను, దాన్ని అందుకుని అర్ధరాత్రి దాకా అరిచే చానళ్లను వదిలేసి, నష్టపోయినవాడికే క్రమశిక్షణ బోధిస్తున్నాం. ఆ చర్చల్లో నేనూ అనేకసార్లు కూర్చున్నాను. కనుక ఈ మాట అనే హక్కు నాకు ఎక్కువో తక్కువో పాఠకులే తేల్చాలి.

పుదుచ్చేరిని మనశ్శాంతి దొరికే ఊరుగా ప్రచారం చేసేవారు అరవిందుని పేరు చెబుతారు. 1910 ఏప్రిల్ 4న ఇక్కడ అడుగుపెట్టిన అరవిందుడు, 'వందేమాతరం', 'కర్మయోగిన్' పత్రికల ద్వారా ప్రభుత్వానికి కంటగింపైన రాజకీయ రచయిత. ఇక్కడికి వచ్చాక కలం దించలేదు. 1914 ఆగస్టు 15న మొదలైన 'ఆర్య' మాసపత్రికకు నెలకు 64 పేజీల చొప్పున 1921 జనవరి దాకా దాదాపు ఒంటిచేత్తో రాశారు. ఆయన తత్త్వంతో ఏకీభవించినా, లేకున్నా ఒక సంగతి ఒప్పుకోవాలి: ఆయన పట్టిన విషయాన్ని ఆరేళ్లకు పైగా విడవలేదు. ఏకాగ్రత అంటే అది. మూడు రాత్రుల గది అద్దెకు దొరికేది విశ్రాంతి మాత్రమే.

ఆశ్రమం వైపు నుంచి సముద్రాన్ని కుడిచేతి పక్క ఉంచుకుని ఉత్తరంగా నడిచాను. కొంత దూరంలోనే వైతికుప్పం. మత్స్యకారుల వాడ. ఏటా మాసి మఖం నాడు చుట్టుపక్కల ఆలయాల ఉత్సవమూర్తులు తీర్థవారికి ఈ ఒడ్డుకే తరలివస్తాయి. ఆ రోజు కెమెరాలు కూడా వస్తాయి. మిగిలిన రోజుల్లో ఇక్కడ చూడదగినది నల్లరాళ్ల గోడ. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను నా అరకొర తమిళంలో పలకరిస్తే, ఆ రాళ్లను చూపించి, 'ఒకప్పుడు పడవలు లాగింది ఇక్కడేనయ్యా' అన్నారు.

1980ల చివర అరియాంకుప్పం నది ముఖద్వారం దగ్గర రేవు కోసం సముద్రంలోకి అడ్డుకట్టలు కట్టారు. ఈ తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. కట్టలు ఆ ప్రవాహానికి అడ్డం పడ్డాయి. దక్షిణాన ఇసుక పేరుకుంది, ఉత్తరాన పట్టణం తన తీరాన్ని పోగొట్టుకుంది. ఆగిన ఇసుకను యంత్రాలతో ఉత్తరానికి చేర్చే ఏర్పాటు ప్రణాళికలో ఉంది. అది సరిగా నడవలేదు. కోతను ఆపడానికి రాళ్లు పోశారు. రాళ్లు పోసిన చోట నుంచి కోత మరింత ఉత్తరానికి జరిగింది. ఇటీవల సముద్ర గర్భంలో కృత్రిమ దిబ్బ నిర్మించాక పర్యాటకులు షికారు చేసే వైపు కొంత ఇసుక తిరిగి వచ్చింది. ఎటు వైపు ముందు వచ్చిందో గమనించండి.

ఇంత నష్టం జాతీయ వార్త ఎందుకు కాలేదు? ఇసుక ఏ ఒక్క రోజూ పోలేదు గనుక. రోజుకు కొంచెం పోయేది మన దృష్టికి ఆనదు. మన ఉప్పాడ సంగతీ అంతే. తుపాను వచ్చి రోడ్డు తెగితే ఒక రోజు వార్త, మర్నాడు మౌనం.

చట్టసభల తీరు ఇందుకు భిన్నంగా లేదు. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు స్థాయీ సంఘాల పరిశీలనకు వెళ్లాయి. 17వ లోక్‌సభలో వెళ్లినవి 16 శాతం. దేశాన్ని ఏడాది పాటు కుదిపిన సాగు చట్టాల రద్దు 2021 నవంబర్ 29న ఉభయ సభల్లోనూ చర్చ లేకుండానే ముగిసింది. తెలుగువారం మనమైనా తక్కువ తిన్నామా? 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ప్రసారం ఆగిపోయిందని నేటికీ చెప్పుకుంటాం. ఆ విభజన చట్టంలోని 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లు ఎందరం చదివాం? తొమ్మిది, పది షెడ్యూళ్లలోని సంస్థల పంపకం పదేళ్లు దాటినా తెగలేదంటే, నేతల నిర్లక్ష్యం ఎంత ఉందో మన మతిమరుపూ అంతే ఉంది. ఆ మతిమరుపు మీదే వారు బతుకుతున్నారు.

అందుకే నన్ను మార్గం అడిగేవారికి ధ్యానం గురించి చెప్పడం మానేశాను. నిదానంగా జరిగే అన్యాయాన్ని ఒక్కదాన్ని ఎంచుకోండి. మీ ఊరి చెరువో, మీ జిల్లాలో ఆగిన ప్రాజెక్టో, ఒక షెడ్యూలో. దానికి ఒక నోటుపుస్తకం పెట్టండి. నెలకొకసారి ఏం జరిగిందో, ఏం జరగలేదో తేదీ వేసి రాయండి. ఏమీ జరగని నెలలే ఎక్కువ ఉంటాయి, అవీ రాయండి. ఓటు అడగడానికి వచ్చినవాడికి ఆ పుస్తకం చూపించండి. ఎంపీ ఇంటికి వస్తే, బిల్లు సంఘానికి పంపాలని ఎన్నిసార్లు అడిగావని నిలదీయండి. నేను రెండు పుస్తకాలు మొదలుపెట్టాను: ఒకటి పది షెడ్యూలు మీద, రెండోది వైతికుప్పం మీద. రాత్రి చర్చలకు రానని చానళ్ల మిత్రులకు చెప్పేశాను. కొందరు నొచ్చుకున్నారు, కానివ్వండి.

తిరుగు రైల్లో ఆ పాత నివేదికను మళ్లీ తెరిచాను. ఫోను రెండుసార్లు మోగింది. విళుప్పురం వచ్చేసరికి పదకొండో పేజీలో ఉన్నాను.